ముల్లు ఊగితేనే పాట

పాటను చెవులతో వినాలన్న పాత అపోహ మన సమాజంలో ఇంకా మిగిలే ఉంది. యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, అందులో ఒకదాన్ని స్టూడియో అని పిలుచుకుంటూ బతుకుతున్నవాడిగా ఆ అపోహను ఖండించడం నా బాధ్యత. సంగీతం పూర్తిగా కంటికి సంబంధించిన కళ. నమ్మకం లేకపోతే మిక్సింగ్‌కి వాడే ప్లగిన్ (పాటల సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఏదైనా ఒకటి తెరిచి చూడండి.

నేను మొన్న ఒక కంప్రెసర్ తెరిచాను. గట్టిగా వచ్చిన శబ్దాన్ని కాస్త అణచడం దాని పని. ఆ పనికి తెర మీద టేకు చెక్క చట్రం కట్టారు. నాలుగు మూలలా ఇత్తడి స్క్రూలు బిగించారు. ఒక స్క్రూకి తుప్పు కూడా పట్టించారు, పాతదని మనం నమ్మాలిగా. మధ్యలో పసుపు వెలుగు, అందులో ఊగే ముల్లు, వెనకాల ఎర్రగా కాలుతున్న వాల్వులు. ఆ ఉత్తుత్తి వాల్వులు వేడెక్కినట్టు చూపించడానికి నా కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ చిప్ నిజంగానే వేడెక్కుతోంది. ఇలాంటివి ఒక పాటలో ముప్పై దాకా పెడతాం.

ఇక అసలు కథ. ఆషాఢం దగ్గరపడింది. గోల్కొండలో తొలి బోనం ఎత్తే లోపల మా పాట యూట్యూబ్‌లో ఉండాలి. డప్పులకే పద్నాలుగు ట్రాకులు. పాటకు డబ్బు పెట్టినాయన నా వెనక సోఫాలో కూర్చున్నాడు. రాత్రి పదకొండున్నరకు పల్లవి దాటి చరణంలోకి వెళ్లామో లేదో, స్పీకర్లలో చిటపటలు మొదలయ్యాయి. మిర్చి బజ్జీ మూకుట్లో పడ్డప్పుడు వచ్చే శబ్దం లాంటిది.

“అన్నా, గీ సౌండ్ కొత్తగుంది. ఉంచు” అన్నాడాయన.

ఉంచే అదృష్టం లేకపోయింది. తెర తెల్లగా పాలిపోయింది, పైన నాట్ రెస్పాండింగ్ అని పడింది, తెర మీది ప్లగిన్ కిటికీలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. చివరిసారి సేవ్ చేసింది ఎప్పుడా అని గుర్తు చేసుకుంటే, చాయ్ తాగక ముందు.

మన ఊళ్లో కంప్యూటర్ జబ్బులన్నిటికీ మందు ఒకటే: ర్యామ్. కడుపునొప్పికి వాము లాగా. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో అడిగినా, అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న తమ్ముణ్ని అడిగినా, చివరికి మా ఇంటి ఓనర్‌ని అడిగినా “ర్యామ్ ఏపిచ్చు, సెట్ అయితది” అంటారు. 16 జీబీని 32 చేశాను. అదే చరణం దగ్గర అంతే నమ్మకంగా క్రాష్ అయింది. కాకపోతే కొంచెం వేగంగా అయింది, ఆ మేరకు డబ్బు వృథా కాలేదు.

అప్పుడు బుద్ధి వచ్చి లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రాం నడిపాను. ప్రాసెసర్‌ను ఎవరు ఎంతసేపు పట్టుకుని కూర్చుంటున్నారో అది లెక్కలు తీసి చూపిస్తుంది. జాబితాలో అందరికంటే పైన గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెర మీద బొమ్మలు గీసే చిప్‌ని నడిపే ప్రోగ్రాం, పేరు ఉంది.

దీన్ని పెళ్లి భోజనాలతో పోల్చి చెబితే సులువు. శబ్దం సెకనుకు 48,000 శాంపిళ్ల (చిన్న చిన్న శబ్దం ముక్కల) చొప్పున నడుస్తుంది. బఫర్, అంటే ఒక్కో వడ్డనలో పెట్టే శాంపిళ్ల లెక్క, 256 పెట్టుకుంటే ప్రతి 5.3 మిల్లీసెకన్లకూ ఒక విస్తరి వడ్డించి తీరాలి. వడ్డించేవాడు సాంబారు బకెట్‌తో పరుగెత్తుకొస్తున్నాడు. సరిగ్గా అప్పుడే వీడియో అతను లైటు పట్టుకుని బంతి మధ్యలో అడ్డం నిలబడి “ఒక్క నిమిషం, ఇటు చూడండి” అంటాడు. ఆ వీడియో అతనే గ్రాఫిక్స్ డ్రైవర్. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, అందులో ఒక బొమ్మ తప్పినా మన కన్ను పట్టించుకోదు. ఒక విస్తరి ఖాళీగా పోతే మాత్రం స్పీకర్ ‘టప్’ మంటుంది. పెళ్లిలో పెద్దరికం ఎవరిదో మీకు తెలుసు. వీడియో అతన్ని పక్కకి జరగమనే ధైర్యం పెళ్లికొడుకు తండ్రికి కూడా లేదు.

ఇందులో నా పాపం కూడా ఉంది. సోఫాలోంచి మీటర్లు సరిగా కనబడటం లేదని ఆయన అంటే, మానిటర్ తీసేసి 43 అంగుళాల 4కే టీవీ పెట్టాను. పాత తెరకు 21 లక్షల లోపు చుక్కలు, దీనికి దాదాపు 83 లక్షలు. నాలుగింతలు. పాటలో మాత్రం ఒక్క స్వరం కూడా పెరగలేదు.

చిటపటల సంగతి సరే, మొత్తం ఎందుకు కూలుతుందంటే అది ఉమ్మడి కుటుంబం గొడవ. 1996లో స్టైన్‌బర్గ్ వాళ్లు ప్లగిన్లు తగిలించే వీఎస్‌టీ అనే పద్ధతి తెచ్చినప్పటి నుంచి ప్లగిన్లు ఎక్కువగా పాటను నడిపే అసలు సాఫ్ట్‌వేర్‌తో ఒకే కప్పు కింద కాపురం ఉంటున్నాయి. గ్రాఫిక్స్ చిప్ రెండు సెకన్లు పలక్కపోతే విండోస్ దాన్ని లేపి కూర్చోబెడుతుంది. చిప్ కోలుకుంటుంది. ఆ సమయంలో దాని మీద వాల్వులు కాలుస్తున్న ప్లగిన్ ఒక్కోసారి కోలుకోదు. అది పోతూ పోతూ ఇంటిల్లిపాదినీ తీసుకుపోతుంది, పద్నాలుగు డప్పులతో సహా. రీపర్, బిట్‌విగ్ లాంటి పాటల సాఫ్ట్‌వేర్లలో ప్లగిన్లతో వేరు కాపురం పెట్టించే వీలుంది. మన సంస్కృతికి అది సరిపడదు కాబట్టి నేను ఇన్నాళ్లూ పెట్టించలేదు. (క్రాక్ వెర్షన్ల వల్ల వచ్చే క్రాష్‌ల గురించి నన్ను అడగొద్దు. ఆ విషయంలో కృష్ణానగర్ మొత్తం మౌనవ్రతంలో ఉంది.)

మరమ్మతు ఒక్క పూటలో అయిపోయింది. ప్లగిన్ల ఫోల్డర్‌లోంచి సగం బయటికి తీసి, మిగతా సగంతో నడిపి చూసి, మళ్లీ అందులో సగం తీసి దొంగను పట్టుకున్నాను. టేకు చెక్క కంప్రెసరే. దాని సెట్టింగుల్లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ తీసేశాను. డ్రైవర్ పాతది పూర్తిగా తుడిచి కొత్తది వేశాను. డప్పు ట్రాకులు ఫ్రీజ్ చేశాను, అంటే వాటి శబ్దాన్ని ముందే వండి పక్కన పెట్టాను. టీవీ పీకేసి పాత మానిటర్ తగిలించాను. అన్నిటికంటే ముఖ్యంగా, తెరిచి ఉన్న ప్లగిన్ కిటికీలన్నీ మూసేశాను. పాట మొదటి నుంచి చివరి దాకా నీళ్లలా పారింది. ఒక్క ‘టప్’ లేదు.

సాయంత్రం ఆయన వచ్చాడు, విన్నాడు. మొహం ముడుచుకున్నాడు.

“ఏమైందన్నా, ఏం నడుస్తలేదు? గా ముల్లు ఊగుతలేదేంది?”

“ముల్లు మూసేశానన్నా. సౌండ్ మాత్రం…”

“సౌండ్ సరే గని, మొన్న ఉన్నంత బేస్ లేదు.”

మిక్స్ అదే, బేస్ అదే, ఫేడర్ వెంట్రుకవాసి కదల్లేదు. కిటికీలు తెరిస్తే పాట ఆగిపోతుంది, మూస్తే పైసలు ఆగిపోతాయి.

ఆ రాత్రి కూర్చుని పాత ప్రాజెక్టు ఒకటి తెరిచాను. అది క్రైస్తవ భక్తిగీతం, నెమ్మది పాట. దాని మీటర్లన్నీ ఊగుతుండగా ఫోన్‌తో పది నిమిషాల వీడియో తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ 4కే టీవీకి గుచ్చి గోడకు తగిలించాను. కంప్యూటర్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. మర్నాడు ఆయన సోఫాలో కూర్చోగానే ఇక్కడ బోనాల పాట, అక్కడ వీడియో ఒకేసారి మొదలుపెట్టాను.

ఆయన కళ్లు మూయకుండా చరణం మొత్తం విన్నాడు.

“గిప్పుడు కొట్టింది బేస్! గా మూడో ముల్లు మాత్రం ఇంకొంచెం లేపన్నా.”

రిమోట్ తీసుకుని బ్రైట్‌నెస్ రెండు గీతలు పెంచాను.

“ఆఁ, గది” అని అడ్వాన్స్ పోను మిగిలింది లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.