వేగం ఒక్కటే కాదు

మంచుపై మోటార్‌సైకిల్ ప్రపంచ పోటీల గురించిన ఈ వ్యాసం వేగాన్నే వర్ణించి, బండి నిర్మాణాన్ని వదిలేయడం వెలితిగా అనిపించింది. బ్రేకులే లేని ఆ బండి టైర్లకు దాదాపు 3 సెంటీమీటర్ల ఇనుప మేకులు ఉండటంవల్లే, హ్యాండిల్ మంచును రాసుకునేంతగా ఎడమవైపు ఒరిగినా పట్టు తప్పదు. నేలకు ఒరుసుకునే ఎడమ మోకాలికి రైడర్లు పాత టైరు ముక్క కట్టుకుంటారు. వ్యాసం వదిలేసిన మరో విషయం: 2005 నుంచి 2012 వరకు వరుసగా ఎనిమిదిసార్లు ఈ పోటీల విజేతగా నిలిచిన నికోలాయ్ క్రాస్నికోవ్ రష్యన్ కాగా, 2022లో అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య రష్యా రైడర్లను నిషేధించడంతో పోటీల స్వరూపమే మారిపోయింది. జర్మనీలోని ఇన్‌జెల్, నెదర్లాండ్స్‌లోని హీరెన్‌వీన్ పోటీల ఫలితాలను బేరీజు వేసేటప్పుడు, నా దృష్టిలో, రష్యా రైడర్లు లేని లోటును తప్పక ప్రస్తావించాల్సింది.