డీబగ్గర్ ముట్టనివాడే మొనగాడా?

నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి లోపల ఏం జరుగుతోందో చూపించే పనిముట్టు డీబగ్గర్. దాన్ని ముట్టనివాడే నిజమైన ప్రోగ్రామర్ అనే మెసేజ్ ఒకటి ఈ మధ్య నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో చూశాను. తర్వాత బెంగళూరు మారతహళ్లిలో మేం ఉగాదికి కలుసుకునే తెలుగువాళ్ల గ్రూపులో కనిపించింది. ఆపైన హైదరాబాద్ నుంచి మా పిన్ని కొడుకు పంపాడు. నాలుగోసారి పంపింది ఈ జూన్‌లో మా టీమ్‌లో చేరిన కుర్రాడు. "అక్కా, ఇది నిజమేనా?" అని కింద రాశాడు. మిగతావాళ్లకు జవాబివ్వకుండా ఊరుకున్నాను కానీ వీడి దగ్గర ఊరుకోలేను. దీన్ని నమ్మి వాడు మూడు రోజులు పోగొట్టుకున్నాడు.

చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. "నిజమైన ప్రోగ్రామర్ డీబగ్గర్ ముట్టడు" అన్నది శీర్షిక, కింద ఏడు పాయింట్లు. బగ్ అనే మాట పురుగు నుంచి పుట్టింది కాబట్టి డీబగ్గర్ తప్పులు ఏరడానికే గానీ కోడ్ అర్థం చేసుకోవడానికి కాదు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే దాన్ని వాడడు. విలువలను తెర మీద చూపించే లైన్లు, అంటే ప్రింట్లు, రెండు పెడితే చాలు, వాటితో ప్రమాదమూ లేదు. డీబగ్గర్ ప్రోగ్రామ్ టైమింగ్ మార్చేసి అబద్ధం చెబుతుంది. ఒక్క అప్లికేషన్‌ని ఎన్నో చిన్న సర్వీసులుగా విడగొట్టే మైక్రోసర్వీసుల కాలంలో అది పనికిరాదు. ఇప్పుడు ఏఐ ఉంది, అడిగితే అదే చెబుతుంది. చివరగా, కొత్త కోడ్ అర్థం కావడానికి డీబగ్గర్ కావాల్సి వచ్చిందంటే నీకు కోడ్ చదవడం రానట్టే.

పురుగు సంగతి ఒక్క నిమిషంలో తేలిపోతుంది. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో చిమ్మట దొరికింది, దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అంటించారు. అంతవరకు నిజమే. కానీ యంత్రంలో లోపాన్ని బగ్ అనడం ఎడిసన్ 1878లో రాసిన ఉత్తరంలోనే ఉంది. అయినా పేరుకు అర్థం వెతికి పనిముట్టుకు హద్దులు గీయడం ఏం వాదన? ముందుకెళ్దాం.

టోర్వాల్డ్స్ గురించి చెప్పింది సగమే నిజం. 2000 సెప్టెంబర్‌లో లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మెయిలింగ్ లిస్టులో తనకు డీబగ్గర్లు నచ్చవని ఆయన రాశారు. జీడీబీ అనే డీబగ్గర్‌ని తాను ఎప్పుడూ వాడుతుంటానని, అయితే డీబగ్గర్‌లా కాక డిసెంబ్లర్‌లా (యంత్ర కోడ్‌ని చదవగలిగేలా మార్చే పనిముట్టులా) వాడతానని కూడా అదే ఉత్తరంలో రాశారు. ఆ రెండో మాట ఈ మెసేజ్‌లోకి రాలేదు. అప్పటి వాదన కెర్నల్‌లోకి డీబగ్గర్‌ని చేర్చాలా వద్దా అన్నదాని మీద. తర్వాత 2008లో 2.6.26 వెర్షన్‌తో కేజీడీబీ, 2010లో 2.6.35తో కేడీబీ అనే డీబగ్గర్లు ఆ కెర్నల్‌లోకే వచ్చాయి. పైగా ఆయన మాట్లాడింది 1991 నుంచి తన చేతుల మీదుగా పెరిగిన కోడ్ గురించి. సొంత ఇంట్లో చీకట్లో కూడా నడుస్తాం. అద్దె ఇంట్లో దిగిన మొదటి రాత్రి స్విచ్ ఎక్కడుందో గోడలు తడుముకుంటాం. కొత్తగా చేరినవాడిది ఆ రెండో పరిస్థితి, కోడ్ రాసినవాళ్లు చాలాసార్లు ఆఫీసులో మిగిలి ఉండరు.

ఇక ఏడో పాయింట్. నా కోపమంతా దీని మీదే.

మా కుర్రాడికి ఇచ్చిన పని చిన్నదే. బిల్లులో కొన్ని ఆర్డర్లకు ఒక రూపాయి తేడా వస్తోంది, ఎందుకో కనుక్కోవాలి. జావా భాష, స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్. డిస్కౌంట్ లెక్కకు ఒక ఇంటర్‌ఫేస్, దాని కింద అదే పనిని నాలుగు రకాలుగా చేసే నాలుగు క్లాసులు ఉన్నాయి. పేరు చూసి, ఇదే అయి ఉంటుందనుకుని ఒక క్లాసు తెరిచాడు. దాదాపు తొమ్మిది వందల లైన్లు. మూడు రోజులు చదివాడు. పీజీకి వెళ్లాక రాత్రి పన్నెండింటి దాకా నోట్సు రాసుకున్నాడు. ఆ నోట్సు నేను చూశాను. చాలా శ్రద్ధగా రాశాడు, ఒక్క తప్పు లేదు. కానీ ఆ క్లాసు అసలు నడవడమే లేదు. స్టేజింగ్‌లో (అసలు సర్వర్లకు వెళ్లేముందు పరీక్షించే చోట) ఒక కాన్ఫిగ్ ఫ్లాగ్, అంటే ఒక సెట్టింగ్, వేరే క్లాసును ఎంచుకుంటోంది. ఎప్పుడో ఒక పండగ ఆఫర్ కోసం తాత్కాలికంగా రాసి, మళ్లీ ఎవరూ తీయని క్లాసే ఆ నడుస్తున్నది.

ఇప్పుడు చెప్పండి, వీడికి కోడ్ చదవడం రాదా? వచ్చు. కానీ వాడు చదివింది నడవని కోడ్. ఏది నడుస్తుందో పేజీ మీద రాసి ఉండదు. ఇంటర్‌ఫేస్, కాన్ఫిగ్, ప్రాక్సీ, రిఫ్లెక్షన్ అన్నీ కలిసి ప్రోగ్రామ్ నడిచే సమయంలో దాన్ని తేలుస్తాయి. వాడు మొదటి రోజు పొద్దున్నే ఆ క్లాసులో ఒక బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ అక్కడికి రాగానే ఆపే గుర్తు) పెట్టి, ఒక్క ఆర్డర్ పంపి ఉంటే ప్రోగ్రామ్ అక్కడ ఆగేది కాదు. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగలేదంటే అదే జవాబు. మూడు రోజుల పని రెండు నిమిషాల్లో తేలిపోయేది.

మరి ఎందుకు పెట్టలేదు? అడిగితే తల దించుకుని చెప్పాడు. సీనియర్లు ఎవరైనా పక్కనుంచి వెళ్తుంటే డీబగ్ విండో మూసేసేవాడట. దాన్ని తెరిచి పెట్టుకుంటే కోడ్ చదవడం రానివాడు అనుకుంటారని భయం. ఆ భయం వాడికి ఈ మెసేజే పెట్టింది.

ఇది రాసినవాళ్లకు మన పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారో తెలుసా? కాలేజీ ల్యాబ్‌లో ప్రోగ్రామ్‌ని రికార్డు పుస్తకంలో నీట్‌గా రాయడం నేర్పారు. వైవాలో నిర్వచనాలు అడిగారు. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి లోపలికి తొంగి చూడటం నాలుగేళ్లలో ఒక్క రోజు కూడా నాకు ఎవరూ నేర్పలేదు, వాడికీ నేర్పలేదు. ఉద్యోగంలో చేరాక, ఒంటరిగా, టెన్షన్‌తో నేర్చుకోవాల్సిన పని అది. సరిగ్గా ఆ సమయంలో వచ్చి, అది చేతకానివాళ్ల పని అని చెబుతారా? మా నాన్న లైన్‌మన్‌గా చేశారు. జేబులో టెస్టర్ లేకుండా గడప దాటేవారు కాదు. వైర్ల గీతలు చదవడం రాక కాదు. గీతలో ఉన్న వైరులో కరెంటు ఉందో లేదో గీత చెప్పదు కాబట్టి. టెస్టర్ లేకుండా స్తంభం ఎక్కేవాడే మొనగాడని ఈ మెసేజ్ రాసినాయన మా నాన్నకు చెప్పగలరా?

ఆ రోజు మధ్యాహ్నం నేను వాడి పక్కన కూర్చున్నాను. క్లాసులన్నీ మూసేయమన్నాను. ఆర్డర్ డేటాబేస్‌లోకి వెళ్లే చోట ఒక్క బ్రేక్‌పాయింట్ పెట్టించాను. మూడు వస్తువులతో ఒక ఆర్డర్ పంపాం, ఆగింది. ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో వరుసగా చూపించే కాల్ స్టాక్ చూస్తే డెబ్బైకి పైగా ఫ్రేములు, అంటే మెట్లు. వాడికి కళ్లు తిరిగాయి. స్ప్రింగ్‌వి, సర్వర్‌వి, ప్రాక్సీలవి దాచేస్తే మనవి పదకొండు మిగిలాయి. వాటిని కింద నుంచి పైకి ఒక కాగితం మీద రాయించాను. ఆ పదకొండు పేర్లే మాకు కావాల్సిన దారి. వికీలో పెట్టిన డిజైన్ డాక్యుమెంట్‌లో వాటిలో నాలుగు పేర్లు లేనే లేవు.

తర్వాత మొత్తం ధర ఉండే ఫీల్డ్ మీద వాచ్‌పాయింట్ పెట్టాం. దాని విలువ మారిన ప్రతిసారీ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు దొరికింది. ఒక్కో వస్తువు 33.50 రూపాయలు. ఆ పాత పండగ క్లాసు ఒక్కో వస్తువును విడిగా 34 చేసి కూడుతోంది, 102 వస్తోంది. ఇన్‌వాయిస్ సర్వీసు మాత్రం ముందు కూడి, 100.50ని 101 చేస్తోంది. ఇదీ ఆ రూపాయి. వాచ్‌పాయింట్ లేకపోతే ఆ ఫీల్డ్‌ని మార్చే చోట్లన్నీ ఒక్కొక్కటే వెతకాలి. ఆ విలువను మార్చే ఫంక్షన్‌ని (సెట్టర్‌ని) పిలిచే చోట్లు అరవై పైనే ఉన్నాయి.

అంతా అయ్యాక వాడు ఆ పండగ క్లాసును మొదటి నుంచి చివరి దాకా చదివాడు. అరగంటలో అయిపోయింది, ఎందుకంటే ఏ లైను కోసం చదువుతున్నాడో వాడికి అప్పటికే తెలుసు. చదవడానికి డీబగ్గర్ అడ్డం కాలేదు, ఎక్కడ చదవాలో చూపించింది.

ప్రింట్లు చాలంటారు. ప్రింట్ పెట్టాలంటే ఏం అడగాలో ముందే తెలియాలి. తెలియని కోడ్‌లో మనకు లేనిదే అది. మా దగ్గర ఒక్క లైను మారిస్తే బిల్డ్ అయి స్టేజింగ్‌కి వెళ్లడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. కొత్త ప్రశ్న పుట్టిన ప్రతిసారీ మళ్లీ పదకొండు నిమిషాలు. ఆగిన చోట అయితే పక్క వేరియబుల్ చూడొచ్చు, ఒక ఫ్రేము కిందికి దిగి పిలిచినవాడు ఏం పంపాడో చూడొచ్చు. సీ భాషలో ఇంకో చిక్కు ఉంది. అవుట్‌పుట్‌ని ఫైల్‌కి మళ్లిస్తే ప్రింట్లు బఫర్‌లో ఆగుతాయి. ప్రోగ్రామ్ క్రాష్ అయితే ఆ బఫర్ దానితోపాటే పోతుంది. ప్రింట్ రాలేదు కాబట్టి అక్కడిదాకా రాలేదనుకుని తప్పు చోట వెతికినవాళ్లను నేను చూశాను. ప్రింట్‌కి ప్రమాదం లేదన్న మాట కూడా ఆ మెసేజ్‌లో ఉంది. జావాలో లాగ్‌లు రాసే లైబ్రరీ లాగ్‌ఫర్‌జేతో 2021 డిసెంబర్‌లో వచ్చిన గొడవ అప్పుడే మర్చిపోయారా? యూజర్ పంపిన ఒక స్ట్రింగ్‌ని లాగ్ చేస్తే చాలు, బయటివాడి కోడ్ మన సర్వర్‌లో నడిచే పరిస్థితి వచ్చింది. ఎన్ని ఆఫీసుల్లో ఎంతమంది ఆ శని, ఆదివారాలు ప్యాచ్‌లు వేస్తూ గడిపారో ఈ ఊళ్లో పనిచేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వెతుకులాట అయ్యాక తీయడం మర్చిపోయిన ప్రింట్లలో ఓటీపీలు, ఫోన్ నంబర్లు కనిపించడం సరేసరి.

టైమింగ్ గురించి నాలుగో పాయింట్‌లో చెప్పింది మాత్రం నిజం. నేను వాదించను. ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే రెండు పనులు (థ్రెడ్లు) పోటీ పడే చోట బ్రేక్‌పాయింట్ పెడితే ఆ పోటీ మాయమవుతుంది. నాకు రెండు రోజులు పట్టిన ఒక బగ్ డీబగ్గర్ తగిలించిన ప్రతిసారీ కనబడకుండా పోయింది. చివరికి టైమ్‌స్టాంప్ ఉన్న లాగ్‌లు పక్కపక్కన పెట్టుకుని పట్టుకున్నాను. అలాంటి చోట నేనూ మొదట లాగ్‌లే తెరుస్తాను. అయితే జావాలో ప్రింట్ కూడా లాక్ తీసుకుంటుంది (ప్రింట్ చేయాలనుకునే మిగతా థ్రెడ్లు ఆగాలి), టైమింగ్‌ని అదీ మారుస్తుంది. సీ, సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లకు లినక్స్ మీద ఆర్‌ఆర్ అనే డీబగ్గర్ ఉంది, మొజిల్లాలో ఫైర్‌ఫాక్స్ కోసం పుట్టింది. ఒకసారి రికార్డు చేస్తే అదే పరుగును ఎన్నిసార్లయినా మళ్లీ నడపొచ్చు, వెనక్కి కూడా.

మైక్రోసర్వీసుల మాట. నలభై సర్వీసులున్నా ఒక్కోదాని లోపల ఉన్నది ప్రోగ్రామే. ఏ సర్వీసులో తేడా ఉందో ఒక రిక్వెస్ట్ వెళ్లిన దారి (ట్రేస్) చెబుతుంది, దాని లోపల ఎక్కడో డీబగ్గర్ చెబుతుంది. ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సర్వర్లలో, మాత్రం తగిలించకండి. థ్రెడ్లు ఆగితే హెల్త్ చెక్‌కి జవాబు రాదు, సర్వీసులను నడిపించే కుబర్నెటిస్ దాన్ని చంపి మళ్లీ మొదలుపెడుతుంది, ఆగిన ట్రాన్సాక్షన్ పట్టుకున్న లాక్‌ల వెనక మిగతావాళ్లంతా క్యూ కడతారు. లాప్‌టాప్ మీద ఒక టెస్ట్ నడిపి అందులో ఆపండి.

మా కుర్రాడు అడిగిన ఏఐ కూడా వాడిలాగే ఇచ్చిన ఫైళ్లనే చదివింది. స్టేజింగ్ ఫ్లాగ్ విలువ దానికి ఎవరూ ఇవ్వలేదు. వాడు అడిగినప్పుడు అది కూడా అదే నడవని క్లాసును చక్కగా వివరించింది.

ఇంకొకటి ఒప్పుకోవాలి, ఆ మెసేజ్‌లో లేకపోయినా. ప్రశ్న లేకుండా డీబగ్గర్ తెరిచి, ఒక్కో లైను దాటిస్తూ కూర్చుంటే ఏమీ రాదు. నేను మొదటి ఉద్యోగంలో నెలల తరబడి అలా మీట నొక్కుతూ కూర్చున్నాను, సాయంత్రానికి ఏం చూశానో గుర్తుండేది కాదు. డీబగ్గర్ చూపించేది ఒక్క పరుగును, ఒక్క దారిని. ఆ దారిని ఎందుకు అలా వేశారో అది చెప్పదు, దానికి పాత కమిట్లు (కోడ్ మార్పుల చరిత్ర) చూడాలి, పాతవాళ్లను అడగాలి. అందుకే ఇప్పుడు మా వాడికి ఒక నియమం పెట్టాను. బ్రేక్‌పాయింట్ పెట్టే ముందు, ఇక్కడ ఏ విలువ వస్తుందనుకుంటున్నావో కాగితం మీద రాయి. ఆగాక పోల్చి చూడు. తేడా వచ్చిన చోట ఆగి చదువు. మూడు వారాలుగా చేస్తున్నాడు. డీబగ్ విండో మూయడం మానేశాడు. నిన్న ఇన్‌వాయిస్ సర్వీసులో నాకే తెలియని ఒక దారి చూపించాడు.

దీన్ని మళ్లీ పంపాలనుకునేవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను, ఏడో పాయింట్ తీసేసి పంపండి. మా బ్యాచ్ గ్రూపులో పెట్టిన మిత్రుడికి ఒక మాట. నీ టీమ్‌లో ఈ ఏడాది ఆరుగురు కొత్తవాళ్లు చేరారని నువ్వే చెప్పావు. వాళ్లకి కూడా ఇది పంపి ఉంటే, రేపు పొద్దున వాళ్లలో ఒకరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. మీ సర్వీసులో డేటాబేస్‌లోకి రాసే చోట ఒక బ్రేక్‌పాయింట్ పెట్టించు.