టర్కీ కోడి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ టర్కీ కోడి గారి సముఖానికి,

టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కో నుంచి ఒక తెలుగింటి ఇల్లాలు రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం సంగతి నవంబర్ నాలుగో గురువారం దాటాక అడుగుతాను, ఈలోపు అడిగితే బాగుండదు.

ఆ గురువారం, అంటే అమెరికావాళ్ల థాంక్స్‌గివింగ్ పండగ రోజు, మా ఇంట్లో మీరు ఉత్సవ విగ్రహం. టేబుల్ మధ్యలో మీరే, ఫొటోల్లో మీరే. పిల్లలందరినీ మీ వెనక నిలబెట్టి, మీ కాలు కట్ కాకుండా చూసుకుని, విజయవాడకీ వరంగల్‌కీ వాట్సాప్ చేస్తాం. ఫొటో అయిందో లేదో, జనం మెల్లగా పక్కనున్న అల్యూమినియం ట్రేల వైపు జరుగుతారు. అక్కడ మటన్ బిర్యానీ, గుత్తివంకాయ, పెరుగన్నం. ప్లేటు నిండాక, మొహమాటానికి మీలోంచి ఒక ముక్క. చెయ్యి కడిగేదాకా అది ప్లేటు అంచునే ఉంటుంది.

ఇంతోటి దానికి ముందు నుంచి ఎంత హడావుడి! ఫ్రిజ్‌లో మీ మంచు కరగాలంటే నాలుగైదు పౌండ్లకు ఒక రోజు పడుతుందని ఇక్కడి ప్రభుత్వమే చెప్తుంది. మీరేమో ఇరవై పౌండ్ల మనిషి. అంటే ఆదివారమే వేంచేయాలి. మీకోసం కింది అర మొత్తం ఖాళీ చేసి, దోసెల పిండి గిన్నె, పెరుగు డబ్బా, కరివేపాకు కవరు గరాజ్‌లో ఫ్రిజ్‌కి తరలిస్తాను. బుధవారం రాత్రి అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా పెరుగులో కలిపి, చర్మం కిందికి వేళ్లు పోనిచ్చి మరీ పట్టిస్తాను. తెల్లారి ఓవెన్‌లో పెట్టి, తొడలో గుచ్చిన థర్మామీటర్ 165 ఫారెన్‌హీట్ డిగ్రీలు చూపించేదాకా కాపలా. పైకి ఎర్రగా నిగనిగలాడతారు. కత్తి దింపితే లోపల తెల్లగా, ఉప్పూ కారం ఊసే ఎరగనట్టు ఉంటారు. ఆరు నెలలకని వచ్చిన మా అత్తగారు ఒక్క ముక్క నోట్లో వేసుకుని, "ఏంటమ్మా, ఊరందరికీ సరిపోయే కోడిని కోసి చప్పగా వదిలేశారు?" అన్నారు.

మీ పక్కన కూర్చునే ఎర్రటి క్రాన్‌బెర్రీ పండుని చూసి నేర్చుకోండి. పులుపు ఉందని తెలిసిన మరుక్షణం మావాళ్లు దాన్ని పప్పులో వేశారు, పచ్చడి నూరి ఇంగువ పోపు పెట్టారు, పులిహోర కూడా కలిపేశారు. ఇప్పుడది ఇంటిమనిషి. మీరింకా అలకపాన్పు దిగని కొత్తల్లుడే.

మీ హోదాకి పాత కాగితాల్లోనూ గట్టి ఆధారం కనపడదు. ఈ పండగకి మూలమని చెప్పే విందు 1621లో, ఇంగ్లిష్ వలసవాళ్లు దిగిన ప్లిమత్‌లో జరిగింది. స్థానిక వాంపనోగ్ తెగ నాయకుడు మసాసోయిట్ వెంట తొంభై మంది వచ్చి మూడు రోజులు కలిసి తిన్నారనీ, ఐదు జింకలు వేటాడి తెచ్చారనీ ఆ వలసవాళ్లలో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో ఉత్తరం రాశాడు. వేటపక్షులు అన్నాడు గానీ మీ పేరెత్తలేదు. ఆ వాంపనోగ్‌ల నేల తర్వాత ఎవరి పాలైందో మీకూ తెలుసు. 1970 నుంచి అదే ప్లిమత్‌లో, ఇదే గురువారం, స్థానిక జాతులవాళ్లు సంతాప దినం జరుపుతున్నారు. మా టేబుల్ దగ్గర ఆ మాట ఎవరూ తీయరు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లం, నేల ఎవరిదన్న చర్చ మనకెందుకులే అని బిర్యానీ ట్రే జరుపుకుంటాం.

పండగ ఏ రోజని కొట్టుకోవడం మన పంచాంగకర్తలకే చెల్లిందనుకునేదాన్ని. అధ్యక్షుడు లింకన్ 1863లో నవంబర్ ఆఖరి గురువారం అన్నాడు. 1939లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, దుకాణాలకు బేరాలు పెరుగుతాయని, దాన్ని ఒక వారం ముందే వచ్చేలా జరిపాడు. సగం రాష్ట్రాలు సరేనన్నాయి, సగం కుదరదన్నాయి. మా టెక్సస్ అయితే రెండు గురువారాలూ జరుపుకుంది. 1941లో నాలుగో గురువారమని చట్టం చేస్తే గానీ గొడవ సద్దుమణగలేదు.

చదువుకునే రోజుల్లో మీరంటే మాకు వేరే గౌరవం ఉండేది లెండి. క్యాంపస్ మూసేసేవారు, బస్సులు తిరిగేవి కావు. దిక్కులేని ఇండియన్ పిల్లల్ని ప్రొఫెసర్ గారు ఇంటికి భోజనానికి పిలిచేవారు. డబ్బాలోంచి తీసిన క్రాన్‌బెర్రీ సాస్ ఒంటి మీద డబ్బా గీతలతోనే ప్లేట్లో నిలబడి ఉండేది. వాళ్లావిడ కొసరి కొసరి వడ్డిస్తే మీ ముక్కలు వద్దనకుండా తినేవాళ్లం. రాత్రికి అపార్ట్‌మెంట్‌లో అన్నం వండుకుని, మర్నాటి బ్లాక్ ఫ్రైడే తగ్గింపు అమ్మకాల్లో చవక లాప్‌టాప్ కోసం చలిలో షాపు ముందు లైను కట్టేవాళ్లం. ఆ లైన్లో దుప్పటి పంచుకున్నవాళ్లే ఇప్పటికీ ఏటా ట్రేలు పట్టుకుని మా ఇంటికొస్తున్నారు.

అన్నట్టు, పెద్ద బుష్ 1989లో మొదలుపెట్టిన ఆనవాయితీ ప్రకారం మీవాళ్లకు వైట్‌హౌస్‌లో ఏటా క్షమాభిక్ష పెడతారు కదా. ఒక్క పూటలో పని అయిపోతుంది. మా ఆయన గ్రీన్‌కార్డు ఫైలు పదేళ్లకు పైగా కదల్లేదు. ఎవర్ని పట్టుకోవాలో చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇక విన్నపం. శుక్రవారం పొద్దున మిగిలిన మిమ్మల్ని చీల్చి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి, మిరియాల పొడి చల్లి వేపుడు చేస్తాను. అప్పుడు మాత్రం బాణలి అడుగు గీకి మరీ తింటారు. కాబట్టి గురువారం దర్బారు మానుకుని, ఈసారి తిన్నగా శుక్రవారమే దయచేయగలరు.

ఇట్లు,
ఓవెన్ కాపలా ఇల్లాలు

తా.క.: మా అక్క కొడుకు ఈ ఫాల్ సెమిస్టర్‌లో ఇక్కడ ఎమ్మెస్‌లో చేరాడు. "పిన్నీ, గురువారం వస్తా. టర్కీ ఉంటుందా?" అని అడిగాడు. కాబట్టి గురువారమే వచ్చేయండి. మిమ్మల్ని మొత్తం వాడికే కట్టిస్తాను.