ఇంక్రిమెంటు వచ్చింది, కాపాడండి!

మొన్న ఏప్రిల్లో మా కింది పోర్షన్‌లో ఘోరం జరిగిపోయింది. అక్కడ అద్దెకుంటున్న లేత్ ఆపరేటర్‌కి జీతం పెరిగింది.

పెరిగింది ఎంతో కాదు, నూట యాభై రూపాయలు. 20,900 ఉన్నది 21,050 అయింది. ఆ పూట వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదు. చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పలకరించి వెళ్ళారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ ‘ఎంతట?’ అని గొంతు తగ్గించి అడగడం, నూట యాభై అని తెలియగానే ‘అయ్యో, వందతో ఆగి ఉంటే బతికిపోయేవాడు కదా’ అని నిట్టూర్చడం. ఎదురింటి పెద్దాయన ఇంకాస్త ముందుకెళ్ళి ‘మా బావమరిదికీ పోయినేడు ఇలాగే పెరిగింది, ఇప్పటికీ కోలుకోలేదు’ అని ధైర్యం చెప్పాడు.

ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ళకి ఇందులో వింత ఏమీ లేదు. లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఈఎస్ఐ అంటే కార్మికుల కోసం కేంద్రం నడిపే ఆరోగ్య బీమా. పదిమందో అంతకంటే ఎక్కువమందో పనిచేసే చోట, నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాడికి జీతంలో 0.75 శాతం కటింగ్. యజమాని తనవైపు నుంచి 3.25 శాతం వేస్తాడు. 2019 జులైకి ముందు ఇవి 1.75, 4.75గా ఉండేవి. సంపాదన కొద్దీ చందా, జబ్బు కొద్దీ వైద్యం. పదివేలవాడు, ఇరవై వేలవాడు ఒకే డిస్పెన్సరీలో, ఒకే లైన్లో, ఒకే డాక్టరు కోసం ఒకేలా విసుక్కుంటారు. వైద్యానికి ఇంతే ఖర్చు పెడతామన్న గిరి లేదు. కార్మికుడితో పాటు పెళ్ళాం పిల్లలకీ, అతని మీదే ఆధారపడ్డ తల్లిదండ్రులకీ వర్తిస్తుంది. 1952లో నెహ్రూ కాన్పూరులో ప్రారంభించిన ఈ పథకం స్వతంత్ర భారతం చేసిన మంచి పనుల్లో ఒకటని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. వ్యంగ్యం కాదు.

దిగువన కూడా దయ ఉంది. రోజు కూలి సగటున 176 రూపాయలు దాటనివాడి దగ్గర ఒక్క పైసా కోయరు. కాకపోతే కనీస వేతనం ఎగ్గొట్టకుండా హైదరాబాదులో అంత తక్కువ కూలి ఇవ్వడం కుదరదు. అంటే ఆ దయ మీకు దక్కాలంటే ముందు మీ యజమాని చట్టం ఉల్లంఘించాలి. సరే, దాన్ని వదిలేద్దాం.

అసలు కథ పైకొసలో ఉంది. 21,000 దాటి ఒక్క రూపాయి వచ్చినా మీరు ఈఎస్ఐ దృష్టిలో ధనవంతులు. జర్మనీవాళ్ళు 1883లోనే ఇలాంటి బీమా పెట్టారు. అక్కడా ఒక పరిమితి ఉంది. దాన్ని దాటినవాడు ఒక గరిష్ఠ ఆదాయం వరకే లెక్కగట్టి చందా కడుతూ, ఇష్టమైతే ప్రభుత్వ బీమాలోనే ఉండిపోవచ్చు. మన దగ్గర పరిమితి దాటడమంటే మెట్టు ఎక్కడం కాదు, డాబా మీంచి కిందపడటం.

ఇప్పుడు పలక, బలపం తీసుకోండి. మా కిందింటాయన జీతం 20,900 ఉన్నప్పుడు ఆయన చందా 157 రూపాయలు, కంపెనీ చందా 680. పైసలు వస్తే పై రూపాయికి సర్దుతారు. జీతం 21,050 అయ్యాక ఆయన చందా సున్నా, కంపెనీ చందా సున్నా. కంపెనీ చేతినుంచి కొత్తగా పోయింది నూట యాభై, మిగిలింది ఆరు వందల ఎనభై. జీతం పెంచిన పాపానికి యాజమాన్యం నెలనెలా 530 రూపాయలు లాభపడింది! కార్మికుడికి మేలు చేస్తూ ఖర్చు తగ్గించుకునే ఉపాయం ఏ మేనేజ్‌మెంట్ కాలేజీలో చెబుతారో తెలియదు కానీ, మా వీధి చివర కంపెనీ దాన్ని కనిపెట్టేసింది. ఆ ఉత్తరం మీద ‘మీ అంకితభావానికి గుర్తింపుగా’ అని అచ్చేసి మరీ ఇచ్చింది.

కిందింటాయన ఊరుకునే మనిషి కాదు. మర్నాడు పొద్దున్నే హెచ్ఆర్ కుర్రాడి దగ్గరికి వెళ్ళాడు. ఆ సంభాషణ ఆయన నాకు మూడుసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరిగింది. నేను మధ్యరకం వెర్షన్ రాస్తున్నాను.

‘సార్, నాకీ ఇంక్రిమెంటు వద్దు.’

‘కంగ్రాట్స్ అన్నా!’ అన్నాడు కుర్రాడు, సగమే విని.

‘వద్దంటున్నాను సార్. వెనక్కి తీసుకోండి.’

కుర్రాడు కంప్యూటర్‌లో వెతికాడు. జీతం పెంచమని అడగడానికి ఫారం ఉంది, అడ్వాన్సుకి ఉంది, రాజీనామాకి ఉంది. పెంచిన జీతం వద్దనడానికి మాత్రం ఫారం లేదు.

‘పోనీ వంద ఇవ్వండి సార్. సరిగ్గా 21,000 అవుతుంది. 21,000 వరకు పర్లేదు, దాటితేనే తంటా.’

‘వంద అంటే బావుండదన్నా. మేనేజ్‌మెంట్ పరువేం కావాలి?’

‘మిగతా యాభై మేనేజ్‌మెంట్ టీ తాగమనండి.’

‘అలా కుదరదు. మీ రేటింగ్ గుడ్. గుడ్ వచ్చినవాళ్ళకి నూట యాభై. యావరేజ్ వాళ్ళకి డెబ్బై ఐదు.’

ఆయన కళ్ళలో వెలుగు వచ్చిందట. ‘అయితే యావరేజ్ అని రాయండి సార్! రేపట్నుంచి లేటుగా వస్తాను. రోజుకి ఎన్ని పీసులు రిజెక్ట్ అవ్వాలో చెప్పండి, పాడుచేసి చూపిస్తాను. సూపర్‌వైజర్ని తిట్టమన్నా తిడతాను, అది ఎప్పట్నుంచో బాకీ ఉంది.’

‘రేటింగ్ లాక్ అయిపోయిందన్నా.’

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్కరోజు లేటుగా రాని మనిషి, తను పనికిమాలినవాడినని ఒప్పించడానికి అరగంట వాదించి ఓడిపోయాడు. అప్పుడు ఆఖరి అస్త్రం తీశాడు. ‘ఒక్క నెల ఆగండి సార్. ఏప్రిల్ 1 నుంచి కాకుండా మే 1 నుంచి ఇవ్వండి. అంతే. ఏప్రిల్ డబ్బు నాకొద్దు.’

దీని వెనక ఉన్న లెక్క తెలియాలంటే ఈఎస్ఐ పంచాంగం చూడాలి. అక్కడ సంవత్సరం జనవరిలో మొదలవదు, ఉగాదికీ మొదలవదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకోటి. మొదటిదానికి ప్రతిఫలం వచ్చే జనవరి నుంచి జూన్ వరకు, రెండోదానికి జులై నుంచి డిసెంబరు వరకు. జబ్బుపడి సెలవు పెడితే జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు, అయితే దానికి సరిపడే చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి. కాబట్టి బుద్ధిమంతుడైన కార్మికుడు జ్వరం తెచ్చుకునే ముందు క్యాలెండర్ చూసుకుంటాడు. వర్జ్యం, రాహుకాలం తర్వాత సంగతి.

ఈ పంచాంగంలో ఒక కనికరం ఉంది. చందా కాలం మధ్యలో జీతం 21,000 దాటితే వెంటనే వెళ్ళగొట్టరు. ఆ కాలం చివరిదాకా కొత్త జీతం మీదే చందా తీసుకుంటూ ఉంచుకుంటారు. అంటే పెరుగుదల మే 1న వస్తే సెప్టెంబరు దాకా సభ్యుడే, ఆ చందా పుణ్యాన వచ్చే ఏడాది జూన్ 30 వరకు వైద్యం. సరిగ్గా ఏప్రిల్ 1న వస్తే మాత్రం ఆ రోజే బయటికి. పాత చందా మీద ఈ డిసెంబరు 31 వరకు మాత్రమే. ఒక్క నెల ముందా, వెనకా అన్నదాని మీద ఆరు నెలలు తేలిపోతాయి.

‘సిస్టమ్‌లో ఏప్రిల్ 1 అని ఫీడ్ అయిపోయిందన్నా’ అన్నాడు కుర్రాడు. ‘ఆడిట్ వస్తుంది.’

ఆయన ఆ ఆరు నెలల కోసం అంతగా ఎందుకు ప్రాధేయపడ్డాడో ఇంతవరకు నేను చెప్పలేదు. ఆయన తల్లికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆరు నెలలంటే 78 సార్లు. ఈఎస్ఐ కార్డు మీద జరుగుతోంది.

ఇక నాకు నవ్వించే ఓపిక లేదు. ఆ ముసలమ్మ కిడ్నీలకి జీతాల ఫైలు సంగతి తెలియదు. నెలకి 307 రూపాయలు, అంటే పెరిగిన నూట యాభై, మిగిలిన చందా 157 కలిపి, ఆ డబ్బుతో కొడుకు బజారులో ఏ బీమా కొనాలి? ముందే జబ్బున్న ఆ వయసు మనిషిని ఏ కంపెనీ వెంటనే రమ్మంటుంది? ఆరోగ్యశ్రీకి వెళదామంటే తెలంగాణలో రేషన్ కార్డుకి పట్టణాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. 21,050ని పన్నెండుతో గుణిస్తే రెండున్నర లక్షలు దాటింది. అటు పేదవాడు కాడు, ఇటు కార్మికుడు కాడు. అయ్యగారికి ఏ పేరు పెడతారో పెట్టండి.

ఈ 21,000 ఏ గీతలో రాసి ఉంది? 2006లో 10,000 అన్నారు. 2010లో 15,000 చేశారు. 2017 జనవరి 1న 21,000 చేశారు. ఇది రాసే నాటికి ఒక్క రూపాయి కదల్లేదు. కనీస వేతనాలకి కరువు భత్యం ముడిపెట్టారు, అది ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కదులుతుంది. ఇంట్లో నేల ఎత్తు ఏటా రెండుసార్లు పెంచుకుంటూ పోయి, గుమ్మం ఎత్తు అలాగే ఉంచిన మేస్త్రీని ఎవరైనా రెండోసారి పనికి పిలుస్తారా? మనం పిలుస్తున్నాం. తల పగిలినవాడిని చూసి ‘ఎంత ఎదిగాడో’ అని మెచ్చుకుంటున్నాం కూడా.

ఇంకొకటి వినండి. 2024 అక్టోబరు 1 నుంచి కేంద్రం తన పరిధిలోని కొన్ని పనులకి ప్రకటించిన కనీస వేతనం, పెద్ద నగరాల్లో, సగం నైపుణ్యం ఉన్నవాడికి రోజుకి 868 రూపాయలు. నెలకి 22,568. పూర్తి నైపుణ్యం ఉంటే 24,804. ఇంతకంటే తగ్గిస్తే నేరమని చెప్పేది కార్మిక శాఖ. 21,000 దాటినవాడికి మా ఆసుపత్రిలో పనేంటని అడిగేదీ అదే కార్మిక శాఖ కింద నడిచే ఈఎస్ఐ. కనీసం ఇంతైనా లేకపోతే మనిషి బతకలేడని ఒక బల్ల మీద సంతకం పెట్టి, అంత ఉంటే వీడికి మన సాయం అక్కర్లేదని పక్క బల్ల మీద సంతకం పెడుతున్నారు. మధ్యలో ఒక్క తలుపు కూడా లేదా మీకు? టీ తాగేటప్పుడైనా ఒకరినొకరు చూసుకోరా?

ఈఎస్ఐ స్వర్గమని నేను అనడం లేదు. మందుల్లేవు బయట కొనుక్కో అనిపించుకోని కార్డుదారు ఎవరైనా ఉంటే వెళ్ళి దండం పెట్టాలి. ఆ మందుల కొనుగోళ్ళలోనే కుంభకోణం బయటపడి 2019లో తెలంగాణలో ఏసీబీ అరెస్టులు కూడా జరిగాయి. కిందింటాయన కూడా ఇరవై ఏళ్ళుగా ఆ డిస్పెన్సరీని తిట్టని వారం లేదు. లైన్లో నిలబడి తిట్టేవాడు, మందు చీటీ చూసి తిట్టేవాడు, ఇంటికొచ్చి మాకు వినిపించేలా తిట్టేవాడు. ఈమధ్య తిట్టడం మానేశాడు. ఆదివారం కూడా ఒకసారి అటు వెళ్ళి గేటు చూసి వస్తున్నాడని ఆయన భార్య చెప్పింది.

కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో పెట్టారట, పూలదండ బొమ్మతో. ఇరవై ఆరుగురు చప్పట్లు కొట్టారు. స్వీట్లేవని అడిగితే పావుకిలో మైసూర్‌పాక్ తీసుకెళ్ళి పంచి వచ్చాడు.

తల్లికి మాత్రం జీతం పెరిగిందని ఒక్క ముక్కే చెప్పాడు. ఆవిడ మంచం మీంచి నెమ్మదిగా లేచి, గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని, కొడుక్కి మూడుసార్లు దిష్టి తీసింది.