షుగర్ పరీక్షకు వచ్చేవాళ్లు ఇది చూడండి

చెన్నైలో గర్భిణులను ఆసుపత్రి బల్లల మీద గంటల తరబడి కూర్చోబెడుతున్నారని ఒక వ్యాసంలో రాశారు. ఆ బాధ నిజమే. కానీ అందులో ఒక 2 గంటలు మాత్రం వృథా కావు, అవి షుగర్ పరీక్షవి. ఎవరూ విడమరిచి చెప్పకపోవడమే అసలు తప్పు.

75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. పరగడుపునే రావాలనేం లేదు, టిఫిన్ తిని వచ్చినా చేస్తారు. 5 నుంచి 10 నిమిషాల్లో మెల్లగా తాగాలి. గటగటా తాగితే కడుపులో తిప్పుతుంది. అరగంటలోపు వాంతి అయితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, మర్నాడు మళ్లీ రావాలి. మళ్లీ తిరగలేక ఆ మాట సిస్టర్‌కి చెప్పకుండా దాచేవాళ్లున్నారు. దాచకండమ్మా, ఉన్న షుగర్ లేనట్టు కనిపిస్తుంది, దెబ్బ బిడ్డకు తగులుతుంది. 2 గంటలకు తీసిన రక్తంలో 140 గానీ, అంతకు మించి గానీ వస్తే గర్భిణి షుగరే. మొదటిసారి మామూలుగా వచ్చినా 24-28 వారాల్లో మళ్లీ చేయించాలి.

ఇంకోటి. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో ఏడో నెలలో చెన్నై పుట్టింటికి వచ్చేవాళ్లకు పిక్మీ నంబరు, అంటే తమిళనాడులో గర్భిణిగా నమోదు చేసుకుంటే ఇచ్చే నంబరు, ఉండదు. బిడ్డ జనన ధృవీకరణ పత్రానికి ఇక్కడ అది అడుగుతారు. నొప్పులొచ్చేదాకా ఆగకుండా, వచ్చిన వారంలోనే దగ్గర్లోని కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను కలవండి. మీ ఊళ్లో ఇచ్చిన గర్భిణి కార్డు, స్కాన్ కాగితాలు, ధనుర్వాతం సూది వేసిన తేదీలు వెంట తీసుకెళ్లండి.