రాజు పేరిట, మంత్రి చేత

బ్రిటన్‌లో రాజుకు సలహా ఇచ్చే మండలి అయిన ప్రివీ కౌన్సిల్ సమావేశంలో మంత్రులు కూర్చోరు. ముగ్గురో నలుగురో రాజు ఎదుట నిలబడి ఉండగా, కౌన్సిల్ అధ్యక్ష హోదాలోని మంత్రి ఉత్తర్వుల శీర్షికలను ఒక్కొక్కటిగా చదువుతారు. ఆమోదిస్తున్నట్టు రాజు ఒక్క మాట అంటారు. చర్చ ఉండదు. మంత్రుల సలహాను రాజు కాదనకపోవడం అక్కడి రాజ్యాంగ సంప్రదాయం గనుక, ఆ కాగితం మీది ప్రతి అక్షరమూ మంత్రిత్వ శాఖలో ముందే ఖాయమై వస్తుంది.

ఈ ఉత్తర్వుల్లో అధిక భాగం పార్లమెంటు చట్టాలు ఇచ్చిన అధికారంతో వెలువడేవే. వాటితో మాకు పేచీ లేదు. రాజ విశేషాధికారం (చట్టం ఇవ్వకుండానే సంప్రదాయంగా రాజుకు ఉండి, మంత్రులు వాడుకునే అధికారం) కింద, పార్లమెంటు గడప తొక్కకుండానే శాసనాలయ్యేవే మాకు ఆందోళన కలిగిస్తున్నాయి. ఆ అధికారం ఎంత దూరం పోగలదో హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల ప్రజలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1965లో రాణి పేరిట వచ్చిన ఉత్తర్వుతోనే ఆ దీవులను మారిషస్ నుంచి విడదీశారు. డీగో గార్షియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1973 నాటికి అక్కడి జనాన్నంతా ఖాళీ చేయించారు. ఈ బహిష్కరణకు ఆధారమైన 1971 నాటి ఆర్డినెన్సును లండన్ హైకోర్టు 2000 నవంబరులో కొట్టివేసినప్పుడు, అప్పీలుకు వెళ్లబోమని విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ ప్రకటించారు. నిర్వాసితులు దాన్ని నమ్మారు. నాలుగేళ్లయినా నిండకముందే, 2004 జూన్ 10న, ఆ దీవుల్లో ఎవరికీ నివాస హక్కు లేదంటూ రాణి పేరిట ఉత్తర్వులు వెలువడ్డాయి. పార్లమెంటులో ముందుగా ఒక్కరోజైనా చర్చించలేదు. కోర్టులో గెలుచుకున్న హక్కును ఇలా లాగేసుకోవడం ఘోరమైన అన్యాయమని మేము భావిస్తున్నాం.

2008లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ న్యాయమూర్తులు ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలిచి ఆ ఉత్తర్వులను సమర్థించారు. అయితే, రాజు పేరున్నంత మాత్రాన ఇటువంటి ఉత్తర్వు న్యాయ సమీక్షకు అతీతం కాదని కూడా అదే తీర్పు తేల్చింది. 2019లో పార్లమెంటు సమావేశాలను ముగిస్తూ బాల్మొరల్ కోటలో రాణి ఆమోదించిన ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పదకొండు మందీ ఏకగ్రీవంగా ప్రకటించారు. కానీ కోర్టు తలుపు తట్టడానికి స్తోమత, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. ప్రవాసంలో ఉన్న పేదలకు ఆ రెండూ ఎక్కడివి?

మన జీవోలు కూడా 166వ అధికరణ ప్రకారం గవర్నర్ పేరిట వెలువడేవే. అయినా గవర్నర్ ఆర్డినెన్సు జారీ చేస్తే దాన్ని శాసనసభ ముందు ఉంచాలి. ఆమోదం దక్కకపోతే సభ తిరిగి సమావేశమైన ఆరు వారాలకు అది రద్దవుతుంది. విశేషాధికార ఉత్తర్వులకు బ్రిటన్ కనీసం ఇంతటి గడువైనా విధించాలి, వాటిని ప్రతిపాదించిన మంత్రి సభలో నిలబడి తన పేరిట జవాబు చెప్పాలి.