పోను ఎనిమిది గంటలు, రాను ఏడు

లండన్ నుంచి న్యూయార్క్‌కు గగనమార్గాన సుమారు 5,540 కిలోమీటర్లు. న్యూయార్క్ నుంచి లండన్‌కూ అంతేనట. ఇంతవరకూ నాకు పేచీ లేదు. పోయేటప్పుడు ఎనిమిది గంటలు పట్టి, వచ్చేటప్పుడు ఏడే పడుతుందంటే మాత్రం ఊరుకునేది లేదు. అదే సముద్రం, అవే రెక్కలు, అదే ఇరుకు సీటు. మధ్యలో ఆ గంట ఎవరు తిన్నట్టు?

అడిగితే నెపం గాలి మీదికి నెట్టేస్తారు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుందట. చలికాలంలో అది గంటకు 300 కిలోమీటర్లు దాటిన సందర్భాలూ ఉన్నాయట. తూర్పుకు పోయేవాణ్ణి వెనక నుంచి తోస్తుంది, పడమటికి పోయేవాడికి అడ్డం నిలబడుతుంది. ఇంత బాహాటంగా పక్షపాతం చూపించే గాలిని ఇన్నేళ్లుగా ఎవరూ సంజాయిషీ అడగలేదు. సరిగదా, 2020 ఫిబ్రవరిలో ఓ తుఫాను చలవతో ఒక విమానం న్యూయార్క్‌లో లేచి 4 గంటల 56 నిమిషాల్లో లండన్‌లో వాలితే, ధ్వని వేగం దాటని విమానాల్లో ఇదే రికార్డని లోకమంతా మురిసిపోయింది. డబ్బు కట్టింది ఏడు గంటలకు. మిగిలిన రెండు గంటల ఆకాశం మాటేమిటి?

పోనీ, దారైనా తిన్నగా ఉందా? ముందు సీటు వీపుకున్న తెర చూడండి. న్యూయార్క్ ఉన్నది లండన్‌కు నైరుతి దిక్కున. విమానం ఐర్లాండ్ మీదుగా ఉత్తరానికి ఎగబాకి, కెనడా తీరం పట్టుకుని కిందికి దిగుతుంది. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం అంటే ఇదే. భూమి గుండ్రం కదా, దగ్గర దారి అదేనంటారు. బంతి మీద దారం బిగించి చూసుకోమన్నారు. చూశాను. దారం కూడా వాళ్ల పక్షమే.

గడియారాన్ని నమ్ముకుందామా అంటే అదింకా ఘోరం. పొద్దున పదకొండుకు లండన్‌లో ఎక్కినవాడు మధ్యాహ్నం రెండుకు న్యూయార్క్‌లో దిగుతాడు, అంటే మూడే గంటలు. సాయంత్రం ఏడుకు తిరుగుముఖం పడితే తెల్లారి ఏడుకు చేరతాడు, అంటే పన్నెండు. ధ్వనికన్నా వేగంగా ఎగిరి 2003లో మూలపడ్డ కాంకార్డ్ విమానమైతే లండన్ నుంచి న్యూయార్క్‌కు మూడున్నర గంటల్లో దాటించి, స్థానిక గడియారం ప్రకారం బయల్దేరిన వేళకు గంటన్నర ముందే దింపేసేది. బయల్దేరకముందే చేరిపోయినవాణ్ణి ‘ప్రయాణం ఎలా జరిగింది?’ అని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

టికెట్టు మీది ఎనిమిది గంటల్లో గేటు వదిలింది మొదలు గేటు చేరేదాకా నేల మీద పాకినదంతా కలిసే ఉంటుంది. ఆలస్యాలకని మరికొంత కలిపి పెట్టుకుంటారు. ఆ కొసరు వాడకపోతే ‘ఇరవై నిమిషాలు ముందే చేరాం’ అని మైకులో చాటుకుంటారు. తర్వాత గేటు ఖాళీ లేదని ఆ ఇరవై నిమిషాలూ రన్‌వే పక్కనే కూర్చోబెడతారు.

ఎదురుగాలికి తగ్గింపు, వెనకగాలికి పరిహారం ఇప్పించాలని ఒక అర్జీ రాసి, సంబంధించినవారికి పంపాను. వాళ్లు దాన్ని గాలికి వదిలేశారు.